ఇంటి మెఱకకు మట్టి యెంత?

“ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు” అని పెద్దలు చెప్పిరి. గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడినేలలలో ఇల్లు కట్టువారు దానికి ముందు “మట్టి తోలించి చూడు” అని చేర్చుకొనవలయును. ప్రత్తి యమ్మి, మిరపకాయలు గుంటూరు యార్డునకు తోలి, వచ్చిన సొమ్ముతో వేసవిలో పునాది తీయించు గృహస్థు ఇటుకల లెక్క వ్రాయును. సిమెంటు లెక్క వ్రాయును. తలుపుల కఱ్ఱకు గంటలకొలది బేరమాడును. మట్టికి మాత్రము లెక్క యుండదు. “ఇంకొక పది ట్రక్కులు కావలెను” అని మేస్త్రి యనును, పది వచ్చును. అవియు చాలవు, మఱి పది వచ్చును. గోడలు లేవకమునుపే పెట్టెలోని సొమ్ము కొంత నేలలో గలసిపోవును.

సోదరీమణులారా! మట్టి సంగతి మగవారిదిగదా, మనకేల యని తలంపకుడు. ఆ నేలను తుడుచువారము మనము. ఆ వాకిట ముగ్గు పెట్టువారము మనము. వాననీరు లోపలికి వచ్చినచో చెంబుతో నెత్తిపోయువారమును మనమే. కావున నీ లెక్క మన చేతిలో నుండుట మేలు. మేము నేర్చుకొన్నది మా తప్పువలననే గనుక ముందుగా దానినే విన్నవించెదము.

మా యింటి కథ

మా యూరంతయు నల్లరేగడి. మేము కొన్న యైదు సెంట్ల స్థలము వీధికంటె నొక యడుగు పల్లము. పడమటి యింటివారు మూడడుగుల యెత్తున కట్టిరి గనుక మాకు మూడున్నర యడుగులు కావలెనంటిమి. పొరుగింటికంటె తగ్గరాదనుట తప్ప వేఱు కారణము లేదు. ఇంటితోపాటు చుట్టునున్న దొడ్డిని సైతము రెండడుగులు మెఱక చేయించితిమి. ఎఱ్ఱగరుసు ట్రక్కులు వచ్చుచునే యుండెను. సొమ్ము కొఱతపడగానే వంటయింటికిని సామానుగదికిని పునాదులు త్రవ్వగా వచ్చిన నల్లమట్టినే పోయించితిమి. మేస్త్రి సందేహించుచు, “ఈ మట్టి వద్దమ్మగారూ, వానకి లేస్తుంది” అనెను. “వాకిట నింత మట్టి పెట్టుకొని మఱల కొనుట యెందుకయ్యా?” యని మేమే పట్టుబట్టితిమి. ఆ పొదుపు మాది. ఆ తప్పును మాదే.

మొదటి వర్షకాలముననే వంటయింటి నడుమ నేలరాళ్లు వీపెత్తినవి. నేల కడిగిన నీరు తూమువైపునకు పోక గోడల మూలలకు జేరెను. తలుపు నేలకు రాచుకొని సగమే తెఱచుకొనెను. వేసవి రాగానే లోపలి మట్టి క్రుంగి, రాళ్లపై నడచినప్పుడెల్ల డొల్లచప్పుడు వినవచ్చెను.

అంతకంటె మనసున గ్రుచ్చుకొన్నది వేఱొకటి కలదు. మాకు తూర్పుననున్న పాత పెంకుటింటిలో పెద్దమ్మ యొకతె యొంటరిగా నుండును. చుట్టరికము లేకున్నను ఊరివారందఱును ఆమెను పెద్దమ్మయనియే పిలుతురు. మా దొడ్డి యెత్తగుటచే అందలి వాననీరంతయు నామె వంటపాకలోనికి దిగెను. ఆమె జగడమాడలేదు. పొయ్యిని వసారాలోనికి మార్చుకొని, “మీ యిల్లు చల్లగా ఉండాలి తల్లీ! మీ చూరునీళ్లు మాత్రం మా యింటికి చుట్టాలై వస్తున్నాయి” అన్నది. ఆమె మమ్ము తిట్టినను ఇంత బాధ కలిగియుండదు.

ఈ రెండు తప్పులనుండి మేము నేర్చుకొన్న పాఠమొక్కటే. మట్టి ఖర్చు తగ్గించుట యనగా చౌకమట్టిని పోయుట కాదు. మట్టితో నవసరమును తగ్గించుకొనుట. మంచిమట్టినే వాడవలెను, కాని వలసినంతయే, వలసినచోటనే వాడవలెను.

నల్లరేగడి యేల లేచును?

ప్రత్తికి రేగడి కన్నతల్లి వంటిది. వాన వెలిసిన పిదప బహుదినముల వఱకు తేమను దాచి వేళ్లకిచ్చును. ఆ గుణమే యింటికి శత్రువు. ఈ నేలలోని బంకమట్టియందు మాంట్‌మోరిల్లొనైట్ అను ఖనిజము హెచ్చు. అది పలుచని పొరలు పొరలుగా నుండి, పొరల నడుమకు నీటిని పీల్చుకొని ఉబ్బును. నీరు వీడగానే ముడుచుకొనును. వేసవిలో మన చేలలో చేయిదూరునంత వెడల్పున నెఱ్ఱెలు విచ్చుటయు, తొలివానలకు అవి పూడుకొనుటయు మనమెఱిగినదే. చేనిలో జరుగునదే యింటి నేలక్రిందను జరుగును. పైనున్న రాళ్ల బరువు దాని నాపజాలదు.

అందుచే నేలక్రింద పోయు మట్టిని ముందుగా పరీక్షించుట మంచిది. దీనికొక సులభమైన పద్ధతి కలదు. మట్టిని బాగుగ నెండబెట్టి, మెత్తగ నూఱి, సన్నని జల్లెడ పట్టవలెను. ఒకే కొలతగల రెండు సన్నని గాజుపాత్రలలో చెఱిసమముగా నా పొడిని వేసి, ఒకదానిలో నీళ్లును, రెండవదానిలో కిరసనాయిలును పోసి, గాలి బుడగలు పోవునట్లు కలిపి, ఒక దినము కదలింపక యుంచవలెను. కిరసనాయిలులో మట్టి యుబ్బదు. నీటిలోనిది దానికంటె స్పష్టముగ నెత్తుగా నిలిచినచో నా మట్టి యింటిలోనికి పనికిరాదు. ప్రయోగశాలలలో ఇంజనీర్లును కొలతగీతల గాజుగొట్టములతో నీ పరీక్షనే చేయుదురు. ఇంట చేసిన పరీక్ష అనుమానమును తెలుపును. నిశ్చయమునకు వారికి చూపించుట యుత్తమము.

ఉబ్బని మట్టితో రేగడిని కప్పి యదుపుచేయు విధమును గూర్చి బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య కట్టిగారు చిరకాలము పరిశోధన చేసిరి. ఉబ్బని బంకమట్టిని తగిన మందమున పఱచి దట్టించినచో క్రింది రేగడి పొంగు పైకి రాకుండునని చూపిరి. మన పెద్దలు ఎఱ్ఱగరుసును కోరుట వట్టి యాచారము కాదని దీనివలన తెలియుచున్నది.

ఎంత యెత్తు వలయును?

మట్టి తగ్గించుటకు మొదటి మార్గము ఎత్తును సరిగా నిర్ణయించుకొనుట. జాతీయ భవననిర్మాణ నియమావళి ప్రకారము ఇంటి పీఠము చుట్టునున్న నేలకంటె 45 సెంటీమీటర్లకు, అనగా సుమారడుగున్నరకు తక్కువ కాకూడదు. అంతకంటె నెక్కువ యెంత కావలెనో చెప్పునది పొరుగింటి యెత్తు కాదు, నీరు.

కావున స్థలము కొన్నపుడే మూడు గుఱుతులు చూచుకొనవలెను. ఒకటి, వీధి నడుమ యెత్తు. రెండు, మురుగుకాల్వ యడుగు. మూడు, గొప్పవాన కురిసినపుడు నీరెంతవఱకు నిలిచెనో యా మచ్చ. ఈ మూడవదానిని ఆ వీధిలోని వృద్ధస్త్రీల నడిగిన తప్పక చెప్పుదురు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు మీ వీధిలో నీరెచటికి వచ్చెనని యడుగుడు. వేలు చూపి చెప్పువారుందురు. మేస్త్రులయొద్ద నుండు పారదర్శకమైన నీళ్లగొట్టముతో ఈ గుఱుతులన్నిటిని ఒక్క గోడమీదికి తెచ్చి బొగ్గుతో గీయించుకొనవచ్చును. ఒక ప్రాతఃకాలపు పని. వీధిని మఱల నెత్తుచేయు నాలోచన యున్నదేమో పంచాయతీవారి నడిగి, దానికి కొంత విడువవలెను. నీటి మచ్చపైన నింత భద్రత యుంచుకొన్న పిదప మిగిలిన యెత్తంతయు బింకమే.

ఎత్తుకంటె కాల్వ ముఖ్యమని పెద్ద పనులు సైతము తెలుపుచున్నవి. అమరావతి ప్రాంతపు రేగడి పల్లములను కొండవీటి వాగు ముంచుచుండగా, ఆ నీటిని కృష్ణలోనికి తోడిపోయుటకు ఉండవల్లి యొద్ద నెత్తిపోతల పథకమును నిర్మించి 2018లో ప్రారంభించిరి. పల్లమున్నచోట నీటికి దారి చూపుట మొదటి పని. మట్టి పోయుట రెండవది.

ట్రక్కుల లెక్క

ఇప్పుడు మా యింటి లెక్కనే చూడుడు. గోడల మందము పోగా గదుల వైశాల్యము సుమారు 1000 చదరపుటడుగులు. దొడ్డి యించుమించు మఱియొక 1000. ట్రాక్టరు ట్రక్కు ఒకటికి నూఱు ఘనపుటడుగుల వదులుమట్టి యనుకొందము. ట్రక్కులన్నియు నొక్క కొలతవి కావు గనుక తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మీరే కొలిపించుకొనవలెను. తెచ్చిన మట్టి తడిపి దట్టించిన పిదప తగ్గును; కావున దట్టించిన కొలతకు నాల్గవవంతు చేర్చి కొనవలెను.

మూడున్నర యడుగుల పీఠమున్నంత మాత్రమున మూడున్నర యడుగుల మట్టి పోయరాదు. పైన ఇసుక, కాంక్రీటు, నేలరాళ్లు కలిసి సుమారెనిమిది యంగుళములు పట్టును. ఈ యెనిమిదంగుళములను తీసివేయుట మఱచి మట్టి తెప్పించి, తరువాత కూలియిచ్చి యెత్తిపోయించిన యిండ్లు మేమెన్నియో చూచితిమి. తీసివేయగా గదులకు మిగులు మట్టి రెండడుగుల పదియంగుళములు. దానికి వదులుమట్టి 35 ట్రక్కులు. దొడ్డికి రెండడుగుల మెఱకకు 25. వెరసి 60 ట్రక్కులు.

వీధికంటె నడుగున్నర యెత్తు చాలునని మేమనుకొనియుండినచో పీఠము రెండున్నర యడుగులే యగును. ఎనిమిదంగుళములు పోగా మట్టి యడుగు పదియంగుళములు, 23 ట్రక్కులు. దొడ్డిని సగటున నరయడుగు మాత్రము సరిచేసి వీధికాల్వవైపు వాలు పెట్టిన 6 ట్రక్కులు. వెరసి 29. అనగా సగముకంటె తక్కువ. మా బింకము ఖరీదు 31 ట్రక్కులు!

తగ్గించు నుపాయములు

ఇల్లు మెఱకగా నుండవలెను గాని దొడ్డి యుండనక్కఱలేదు. గోడచుట్టు నీరు నిలువకుండ బయటికి వాలుగా నొక గచ్చుపట్టీ వేయించి, మిగిలిన పెరటిని సహజమైన మట్టమున విడువవచ్చును. కూరపాదులకు, అరటికి పల్లపునేలయే యిష్టము. పునాదులనుండి వచ్చిన రేగడి యచటికే చెందవలెను. అందును పైయడుగుమట్టిని వేఱుగా పోగువేయించిన పాదులకు మిగుల శ్రేష్ఠము.

అన్ని గదులును ఒక్క యెత్తున నుండనక్కఱలేదు. పడకగదులు, వంటయిల్లు, ధాన్యముంచు చోటు ఎత్తున నుంచి, వసారాను ఒక మెట్టు, వాహనశాలను మఱియొక మెట్టు దించవచ్చును. వాహనశాలకు చుట్టుప్రక్కల నేలకంటె 15 సెంటీమీటర్ల యెత్తు చాలునని నియమావళియే చెప్పుచున్నది. అట్లే, నాలుగు గదులను నేలపై పఱచుటకంటె రెండింటిని మేడపై వేసినచో మెఱక చేయవలసిన నేల సగమగును. మెట్లకగు ఖర్చును, ఇంటిలోని వృద్ధుల మోకాళ్లను గూడ నాలోచించి నిర్ణయించుకొనవలెను.

మూడడుగులకు మించిన యెత్తు నిజముగనే కావలసినచోట డొల్లనేలను గూర్చి యాలోచింపవచ్చును. గదిలో మట్టి నింపుటకు బదులు కొన్ని యడుగుల కొకటిగా పొట్టిగోడలు కట్టి, వానిపై దళసరి నాపరాళ్లో కాంక్రీటు పలకలో పఱచుదురు. పలనాట నాపరాయికి కొఱత లేదు. క్రింద ఖాళీ యుండుటచే రేగడి యుబ్బినను నేలను తాకదు. పొట్టిగోడలకును గట్టి పునాది వలయును. గాలి యాడుటకు కంతలును, ఎలుకలు పాములు దూరకుండ వానికి ఇనుపజల్లెడయు వలయును. పలకల మందము ఇంజనీరు నిర్ణయింపవలెను. అస్సామునందు బ్రహ్మపుత్ర యొడ్డున మిసింగు జాతివారు వెదురు స్తంభములపై ఇండ్లు కట్టుకొందురు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు కొయ్యస్తంభములపై నిలిచిన పాతయిండ్లు ప్రసిద్ధములు. మట్టి పోయకయే ఇల్లెత్తుట లోకమునకు క్రొత్త కాదు.

పునాదుల విషయమున రూర్కీలోని కేంద్ర భవనపరిశోధన సంస్థవారు రేగడినేలల కొఱకు ప్రచారములోనికి దెచ్చిన పద్ధతి కలదు. భూమిలోనికి గుండ్రని రంధ్రము తొలిచి, అడుగున దానిని సాధారణముగ రెండున్నర రెట్లు వెడల్పుచేసి కాంక్రీటు పోయుదురు. ఉల్లిగడ్డవలె నున్న యా యడుగుభాగము, ఎండకు వానకు మార్పు చెందని లోతున నాటుకొనియుండును. వీనిపై దూలములు వేసి, దూలమునకు నేలకు నడుమ మూడంగుళములకు పైబడిన ఖాళీ విడుతురు. పొడవైన కందకములు త్రవ్వ నక్కఱలేదు గనుక తీయవలసిన మట్టియు, మఱల పూడ్చవలసిన మట్టియు తగ్గును.

పాతయిల్లు పడగొట్టి కట్టువారు పగిలిన యిటుకలను, రాళ్లను బయట పాఱవేయించి, మఱల గరుసు కొనుట వింత. వానిని చిన్నముక్కలుగ కొట్టించి, సందులు మిగులకుండ గరుసుతో కలిపి పొరలుగ దట్టించినచో మంచి పూరకమగును. కఱ్ఱముక్కలు, ఆకులలములు, ప్లాస్టిక్కు ఏఱివేయవలెను. పాత మట్టిగోడల మన్ను రేగడి కావచ్చును. దానికి ముందు చెప్పిన కిరసనాయిలు పరీక్ష తప్పదు.

ఏ మట్టి పోసినను ఆఱు నుండి యెనిమిదంగుళముల పొరలుగ పోసి, తగుమాత్రము తడిపి, దిమ్మిసతో దట్టింపవలెను. గదినిండ నొక్కసారి పోసి నీళ్లు పెట్టి వదలినచో పైన సరిగనున్నట్లే కనబడి, రెండేండ్లకు మూలలు క్రుంగును. దట్టించుటవలన మట్టి కొంచెము హెచ్చు పట్టునుగాని, రెండవమారు నేల పెకలించు బాధ తప్పును.

ఆ మట్టి యెచ్చటిది?

ట్రక్కు వచ్చునపుడు దానిలోని మట్టి యెచటినుండి వచ్చినదని మనమడుగము. అది యొక గుట్ట యొడలు. లేదా యొక చేని పైపొర. గుట్ట తరిగిన మఱల పెరుగదు. చేనిపైనున్న యడుగుమట్టి తరతరముల యెఱువుతో పండినది. 2000 సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఇండ్లకు, రోడ్లకు, కట్టలకు పూడ్చు సామాన్యమైన మట్టిని గూడ చిన్నతరహా ఖనిజముల కోవలో జేర్చినది. అనగా మట్టికిని లెక్కయు, అనుమతియు నుండవలెనని యర్థము. అనుమతి చీటీ చూపుమని తోలువాని నడుగుటకు గృహిణి సంకోచింపనక్కఱలేదు.

వేసవిలో చెఱువు పూడిక తీసి చేలకు తోలుకొనుట మన రైతుల పాత యలవాటు. అది చెఱువునకును చేనికిని మేలు. కాని యా పూడిక తఱచుగ మెత్తని బంకమన్ను గనుక గదులలోనికి తగదు. ఏ మట్టి ధర్మము దానిది. చేనిది చేనికి పోవలెను. గరుసు గదికి రావలెను.

తప్పు దిద్దుకొన్న విధము

మా తప్పును రెండవ వేసవిలో దిద్దుకొంటిమి. దొడ్డిలోని యెఱ్ఱగరుసును ఒక యడుగు మేర త్రవ్వించి వీధిమట్టమునకు దించి, వీధికాల్వవైపు వాలు పెట్టించితిమి. తూర్పు ప్రహరి వెంబడి సన్నని కాల్వ తీయించితిమి. వంటయింటి రాళ్లు లేపి, అందలి నల్లమట్టినంతయు పెరటిపాదులకు, చేనికి తోలించి, దొడ్డిలో తీసిన గరుసునే యా రెండు గదులలో పొరలుపొరలుగ దట్టించితిమి. రెండవమారు మా వాకిటికి మట్టిట్రక్కు రాలేదు. ఒకచోట నెక్కువైనది మఱియొకచోట తక్కువైనదానికి సరిపోయెను.

ఇంకను కొంత గరుసు మిగిలెను. పెద్దమ్మ నడిగి, దానితో నామె వంటపాకను ఒక యడుగు మెఱక చేయించితిమి. ఆ యేడు కార్తికమాసపు ముసురు నాలుగు దినములు విడువక పట్టెను. అయిదవనాటి యుదయమున గోడమీదుగా చూచితిమి. పాకలో పొయ్యి యెప్పటిచోటనే యున్నది, పొగ వచ్చుచున్నది. పెద్దమ్మ మమ్ము చూచి, “ఈయేడు చుట్టాలు రాలేదమ్మాయ్” అని నవ్వినది.

క్రొత్తయిల్లు కట్టనున్న సోదరీమణులారా! తొలిట్రక్కు రాకమునుపే ఒక కాగితముపై మూడు పంక్తులు వ్రాసికొనుడు: నీరెంతవఱకు వచ్చును? మన కెంత యెత్తు చాలును? మన నీరెవరి యింటికి పోవును? మొదటి రెంటికి జవాబు తెలిసిన మన సొమ్ము నిలుచును. మూడవదానికి జవాబు తెలిసిన పొరుగువారి పొయ్యి వెలుగును.